అంగారకునిపై రాయదుర్గము

మెదకు కోటగుట్టమీద నొక సాయంకాలము గడపుట ఇటీవల మాకు తటస్థించినది. ద్వారములు దాటి, మెట్లెక్కి, పైనున్న బండమీద కూర్చుంటిమి. క్రింద పట్టణము, దానిలో 1924లో ప్రారంభమైన పెద్ద చర్చి గోపురము, ఆవల చెరువులు, వరిమళ్లు. మెతుకుసీమ యని ఈ నేలకు పేరు పెట్టినవారు కన్నులార చూచియే పెట్టియుందురు. పడమట ప్రొద్దు క్రుంకెను. ఎఱ్ఱబారిన యంచుపైన నొక తెల్లని చుక్క వెలిగెను. మాతో నొక ఉపాధ్యాయుడును, ఆయన వెంట ఆరేడుగురు పిల్లలును ఉండిరి. వారిలో నొక బాలుడు, పదియేండ్లవాడు కాబోలు, ఆ చుక్కను చూపి, “సారూ, గా సుక్కమీద గూడ గిట్ల బండలుంటయా?” అని తాను కూర్చున్న రాతిని అరచేతితో తట్టెను.

“ఉంటయి బిడ్డా” అనెను ఉపాధ్యాయుడు. పిమ్మట మావైపు తిరిగి, మెల్లగా, “పుస్తకములో ఒక బొమ్మ, ఒక పట్టిక ఉన్నవండి. అంతకుమించి చూపుటకు మావద్ద నేమియు లేదు” అనెను.

ఆ రాత్రి మేము బసచేసిన యింట వేరొక ప్రశ్న మాకొఱకు కాచుకొని యుండెను. ఆ యింటి పెద్దకూతురు భౌతికశాస్త్రము చదివిన పట్టభద్రురాలు. నిశ్చయమగుటకు సిద్ధముగా నున్న సంబంధము ఆ వారమే తప్పిపోయినది. కారణము పిల్లది కాదు, కట్నము కాదు. జాతకములో కుజుడు అష్టమమున నున్నాడట. తండ్రి మాయెదుట కూర్చుండి, “మీరు సంస్కృతము చదివినవారు గదా, దీనికి పరిహార మేమైన నున్నదా?” అని అడిగెను. పిల్ల ద్వారబంధము నానుకొని నిలుచుండి వినుచుండెను.

గుట్టపై బాలుడడిగినదియు, ఇంట తండ్రి యడిగినదియు ఒక్క విషయమును గూర్చియే యని మాకు తోచినది. ఆకాశమున తిరుగు ఆ చుక్క లేమిటి? రాళ్లా, అధికారులా? నూఱేండ్లకు పైగా పాఠశాలలు నడపిన దేశములో, తన రాకెట్టుతో తన నౌకను అంగారకుని చుట్టు త్రిప్పిన దేశములో, ఈ ప్రశ్నకు జవాబు ఇంకను ఇంటింటికి చేరలేదు. అందుచే రాజకీయములను ఈ పూటకు ప్రక్కకుంచి దీనినే చర్చింపదలచితిమి.

బాలుని ప్రశ్నతో నారంభింతము. సూర్యునికి దగ్గఱగా తిరుగు నాలుగు గ్రహములు, అనగా బుధుడు, శుక్రుడు, మన భూమి, అంగారకుడు, రాతిదేహములు గలవి. నాలుగింటికిని నడుమ ఇనుము, దానిపై శిల. ఆవల నున్న గురుడు, శని మొదలగువారు ఆకారమున మిక్కిలి పెద్దవారైనను వారిపై నిలుచుటకు నేల లేదు, చాలవఱకు వాయువే. కావున “బండలుంటయా?” అన్న ప్రశ్నకు జవాబు ఉన్నవనియే. అయితే బాలుడు తట్టిన బండవంటివి ఉన్నవా యన్నచో, ఆలోచింపవలసియున్నది.

తెలంగాణమునందలి గుట్టలు గ్రానైటు రాతివి. వీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఇట్టి రాయి ఊరక పుట్టదు. భూమి పైపెంకు పలకలు ఒకదానిక్రింద నొకటి దిగుచుండును. నీటితో తడిసిన రాయి లోతునకు పోయి, కరగి, వడపోతబడినట్లు తేలికైన భాగము పైకి వచ్చి గడ్డకట్టును. పలుమాఱులిట్లు జరిగినగాని ఇంత గ్రానైటు కూడదు. అందులకు సముద్రములు కావలెను, లోపల వేడి కావలెను, యుగములు కావలెను. ఇతర గ్రహములపై విస్తారముగా కనబడునది బసాల్టు, అనగా అగ్నిపర్వతములు క్రక్కిన నల్లరాయి. ఖండములంతటి గ్రానైటు ఇంతవఱకు మఱెక్కడను రూఢిగా కనబడలేదు; శుక్రునిపై కొన్ని మెట్టసీమలు అట్టివేమో యను అనుమానము మాత్రము కలదు. కాకతీయులు కోట కట్టుకొనుటకు అనువైన గుట్టయని మనము చూచు ఆ రాయి సౌరకుటుంబములో నింత అరుదైనదని మెదకులో నెందఱికి తెలియును? నల్లరాయిని చూడవలెనన్నను దూరము పోనక్కఱలేదు. పాత మెదకు జిల్లా పడమటి కొనను, జహీరాబాదు వైపున, దక్కను లావా పఱచిన బసాల్టు కలదు. దానిపై ఇనుపతుప్పుతో ఎఱ్ఱబడిన నేలలు కలవు. గ్రానైటును, బసాల్టును, ఎఱ్ఱమట్టిని ఒక్కదినములో పిల్లలకు చూపి రాదగిన సీమ యిది. గ్రహశాస్త్రము నేర్పుటకు ఇంతకంటె మంచి నల్లబల్ల యెక్కడ?

బాలుడు చూపిన చుక్క శుక్రుడు. వేకువను కనబడినప్పుడు మనవారు వేగుచుక్క యందురు. ఎడ్లు కట్టువాడు, పాలు పిదుకునది దానిని చూచియే లేచెడివారు. చూపునకంత చల్లగానున్న ఆ గ్రహము వట్టి కొలిమి. అడ్డుకొలత 12,104 కిలోమీటర్లు, ఇంచుమించు భూమియంతయే. కాని దాని నేలపై వేడి సుమారు 465 డిగ్రీలు, సీసము నీరైపోవును. పైనున్న గాలి బరువు మన గాలికంటె 90 రెట్లు మించినది. గంధకికామ్లపు మబ్బులు ఎల్లప్పుడు కప్పియుండుటచే ఏ దూరదర్శినికిని దాని నేల కనబడదు. రష్యావారు 1970 డిసెంబరు 15న వెనెరా 7ను అచట దింపి, వేఱొక గ్రహపు నేలనుండి మొదటి వార్త తెప్పించుకొనిరి. 1982 మార్చిలో దిగిన వెనెరా 13 రంగుచిత్రములు పంపి, 127 నిమిషములు బ్రతికి, ఆగిపోయినది. ఆ చిత్రములలో నున్నవి బండలే, పలకలు పలకలుగా పఱచినట్లున్న బండలు. తరువాత అమెరికావారి మాజెలన్ నౌక 1990 మొదలు 1994 వఱకు మబ్బులను చీల్చుకొని పోగల రాడారుతో పటము గీసినది.

శుక్రునికి ఈ గతి యెట్లు పట్టినది? సూర్యునికి దగ్గఱ యగుట యొక కారణము. అంతకంటె పెద్ద కారణము గాలి. అందులో నూటికి 96 పాళ్లు బొగ్గుపులుసుగాలి. వచ్చిన వేడిని పోనీయక పట్టి యుంచుట ఈ గాలి గుణము. భూమికిని ఆ గాలి తక్కువ యేమియు రాలేదు. కాని మన సముద్రములు దానిని కరగించుకొని సున్నపురాయిగా మార్చి నేలలో దాచినవి. మెదకులో నెవరి యింటనైనను నడవలో పఱచిన తాండూరు బండను చూడుడు. అది సున్నపురాయి. శుక్రుని గాలిలో నున్నది మన కాలిక్రింద బండయై పడియున్నది. ఆ బండను కాల్చి సిమెంటు చేసినప్పుడు, బొగ్గును మండించినప్పుడు, దాచినదానిని మరల విడుచుచున్నాము. భూమి శుక్రుడగునని మేము బెదరింపము. కొన్ని డిగ్రీలు పెరిగినను మన చెరువులకును, వానకారునకును చాలునంత కీడు కలుగునని మాత్రము చెప్పుదుము.

ఆ శుక్రునిపై ఒక మహాపీఠభూమి కలదు. దాని పేరు లక్ష్మి. శుక్రునిపై స్థలములకు స్త్రీల పేర్లు, దేవతల పేర్లు పెట్టుట అంతర్జాతీయ ఖగోళ సంఘపు ఆచారము. దానిప్రక్క 11 కిలోమీటర్ల యెత్తున నున్న మాక్స్‌వెల్ కొండలొక్కటి పురుషుని పేరు మోయుచున్నవి.

బుధునిగూర్చి పొట్టిగా చెప్పుదుము, ఎందుకనగా అతడు చాలమందికి కనబడనే కనబడడు. సంజవెలుగులో కొద్దిసేపు తొంగిచూచి పోవును. అడ్డుకొలత 4,879 కిలోమీటర్లు. ఏడాది 88 దినములు. ఒక పగలు, ఒక రాత్రి కలిసి 176 దినములు. అనగా అచట ఒక దినము గడచునప్పటికి రెండేండ్లు నిండును! మధ్యాహ్నము 430 డిగ్రీల వేడి, రాత్రి సున్నకు క్రింద 180 డిగ్రీల చలి. ఇంతటి మంటప్రక్కన నున్నను, ఎండ యెన్నడు తగులని ధ్రువములయందలి గుంతలలో మంచు కలదని మెసెంజరు నౌక 2012 నాటికి రూఢిచేసినది. 1974, 75 సంవత్సరములలో మారినర్ 10 మూడుమాఱులు ప్రక్కగా పోయినది. మెసెంజరు 2011 మొదలు 2015 వఱకు చుట్టు తిరిగి తుదకు బుధునిపైననే కూలినది. 2018 అక్టోబరులో ఐరోపావారును జపానువారును కలిసి బెపికొలంబోను పంపిరి; 2026 నవంబరులో బుధుని కక్ష్యలో ప్రవేశించునట్లు దాని ప్రయాణము నిర్ణయింపబడినది.

బుధునిపై గుంతలకు కవులు, గాయకులు, చిత్రకారుల పేర్లు పెట్టుదురు. వాల్మీకి కలడు, వ్యాసుడు కలడు, కాళిదాసు కలడు. త్యాగరాజు కలడు! మన తెలుగుపలుకులు పాడిన కాకర్ల త్యాగయ్య పేర సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు గల గుంత యొకటి యున్నది. దాని యడుగున తళతళలాడు చిన్న పల్లములు మెసెంజరు తీసిన చిత్రములలో శాస్త్రజ్ఞుల నాశ్చర్యపఱచినవి. నేలలోని పదార్థమేదో ఆవిరియై యెగిరిపోగా అవి యేర్పడినవని తలచుచున్నారు. ఏటేట త్యాగరాజ ఆరాధన చేయు సభలలో ఈ మాట యొక్కసారియైనను మేము వినలేదు.

ఇక అంగారకుడు. ఈయనయే మన కథకు ముఖ్యుడు. ఆ తండ్రిని భయపెట్టినవాడును ఈయనయే. అడ్డుకొలత 6,779 కిలోమీటర్లు, భూమిలో సగమునకు కొంచె మెక్కువ. దినము మనకంటె నలుబది నిమిషములు మాత్రము దీర్ఘము. ఏడాది 687 దినములు. మట్టిలోని యినుము తుప్పుపట్టుటచే ఎఱ్ఱన. జహీరాబాదు నేల యెఱుపునకును కారణము అట్టిదే. గాలి మనదానిలో నూఱవవంతుకూడ లేదు. ఒలింపసు అను అగ్నిపర్వతము సుమారు 22 కిలోమీటర్ల యెత్తు. మారినర్ లోయ 4,000 కిలోమీటర్లు సాగినది. ఒకప్పుడు ఏఱులు పాఱిన జాడలు, సరస్సులు నిలిచిన మడుగులు స్పష్టముగా కలవు. మఱి ఆ నీరేమైనది? చిన్న గ్రహమగుటచే లోపల త్వరగా చల్లాఱినది. చల్లాఱగా అయస్కాంతపు కవచము పోయినది. కవచము లేని గాలిని సూర్యునినుండి వీచు కణముల ధార యుగయుగములుగా ఊడ్చివైచినది. నీరు కొంత ఆకాశమున కెగిరెను, కొంత నేలక్రింద గడ్డకట్టెను.

1965 జూలైలో మారినర్ 4 ఇరువదికి పైగా మసకచిత్రములు పంపువఱకు అచట కాలువలున్నవని, నాగరికులున్నారని నమ్మినవారు పాశ్చాత్యులలోను కలరు. ఆ చిత్రములలో గుంతలు తప్ప మఱేమియు లేవు. 1976లో వైకింగు నేలపై దిగెను. 2012లో దిగిన క్యూరియాసిటీ, 2021 ఫిబ్రవరి 18న దిగిన పెర్సెవరెన్సు అను బండ్లు రాళ్లను తొలిచి చూచినవి. రెండవదాని వెంట పోయిన ఇంజెన్యూటీ అను చిన్న యెగురుయంత్రము 72 మాఱులు ఎగిరి 2024 జనవరిలో ఱెక్క విఱిగి నిలిచిపోయినది. చైనావారి బండియు 2021లో దిగినది.

సంస్కృతమున కుజుడనగా భూమికి పుట్టినవాడు, భౌముడన్నను అదియే. ఇంతమాత్రముచేత మన పూర్వులు అంగారకుని శిలామయత్వమును ముందే యెఱిగిరని చెప్పు సాహసము మేము చేయము. అట్టి వ్యాసములు వారమునకు రెండైనను మా బల్లమీదికి వచ్చుచున్నవి. 499వ సంవత్సరమున ఆర్యభటుడు భూమి తనచుట్టు తాను తిరుగునని వ్రాసెను. ఉన్న గౌరవ మది చాలును, లేనిదానిని అతుకనక్కఱలేదు.

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్న. మేమాయనకు చెప్పిన జవాబు లెక్కతో చెప్పితిమి. జ్యోతిషపు సూత్రములను ఒప్పుకొనియే చెప్పితిమి. లగ్నమునుండి 2, 4, 7, 8, 12 స్థానములలో కుజుడున్న దోషమని గదా మనసీమ సంప్రదాయము. ఉన్నవి పన్నెండు ఇండ్లు; అందులో అయిదు దోషస్థానములు. పన్నెండు లగ్నములును ఒక్క దినములో ఉదయించి పోవును. అనగా ప్రతిదినమును, ఇరువదినాలుగు గంటలలో ఇంచుమించు పదిగంటలసేపు, పుట్టిన ప్రతి శిశువును దోషజాతకుడే! మెదకు ఆసుపత్రిలో పుట్టినను, మాస్కోలో పుట్టినను అంతే. లగ్నముతో తనివితీరక చంద్రునినుండియు, శుక్రునినుండియు లెక్కింపవలెనను పండితులు కలరు. అట్లు మూడింటిలో ఏ యొకదానినుండియైనను దోషము తగులుటకు గల అవకాశము నూటికి ఎనుబది. నూటికి ఎనుబదిమందికి పట్టు దోషమును దోషమందుమా, మనుష్యధర్మమందుమా? ఇందుచేతనే కాబోలు శాస్త్రకారులే పరిహారములు, మినహాయింపులు పుట్టలుగా పెట్టిరి. కాని ఆ మినహాయింపులు ధనవంతుని బిడ్డకు దొరకినంత సులభముగా పేదవాని బిడ్డకు దొరకవు. మగపిల్లవాని జాతకమున అదే కుజుడు అదే స్థానమున నున్నను అది సంభాషణకు రాదు. ఆడపిల్ల జాతకమున నున్న సంబంధము చెడును. గ్రహమునకు ఈ పక్షపాత మెక్కడిది? మిక్కిలి దగ్గఱకు వచ్చినప్పుడే భూమికి అయిదున్నరకోట్ల కిలోమీటర్ల దూరమున నుండు ఎండిన రాతినేల యది.

ఆ పిల్ల అప్పుడు ద్వారమువద్దనుండియే, “ఈ లెక్క నేనును వేసి చెప్పితినండి. నేను చెప్పిన వినలేదు” అనెను. తండ్రి తలవంచెను. సంబంధము మరల కుదిరినదో లేదో మేమెఱుగము.

అంగారకునిపై మన పేరున్నదని మొదటనే యంటిమి. అచట చిన్న గుంతలకు, భూమిమీద లక్షలోపు జనముగల ఊళ్ల పేర్లు పెట్టుదురు. ఆ విధముగా అనంతపురము సీమలోని రాయదుర్గము అంగారకునిపై నొక గుంతకు పేరైనది. ఊరిని గౌరవించుట కుద్దేశించినది కాదు. పట్టికలోనుండి యెన్నుకొన్న పేరు. అయినను ఉన్నది. ఈ నియమము ప్రకారము మెదకునకును అర్హత కలదు. ఈ మాట ఉపాధ్యాయునితో అనగా ఆయన ముఖము వికసించి, “ఎవరికి అర్జీ పెట్టవలెనండి?” అని యడిగెను. అర్జీవలన వచ్చునది కాదు. ఒకానొక గుంతను పరిశోధించుచున్న శాస్త్రజ్ఞునికి దానిని గూర్చి వ్రాయుటకు పేరు కావలసివచ్చినప్పుడు సంఘము పేరు నిర్ణయించును. మెదకు పేరు అంగారకునిపై నుండవలెనన్న, ముందు మెదకు పిల్ల యొకతె అంగారకుని చదువవలెను.

మనవా రీ చదువునకు క్రొత్తవారు కారు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు గారు 1840లో స్వంత వ్యయముతో వేధశాల కట్టించిరి. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబము నడ్డముగా దాటుటను ఆరంగుళముల దూరదర్శినితో చూచి, తన పరిశీలనలను లండనులోని రాజకీయ ఖగోళ సంఘపు పత్రికకు పంపిరి. భూమికి సూర్యుడెంత దూరమో తేల్చుటకు లోకమంతయు ఆ దినమున కాచుకొని యుండెను. మదరాసు వేధశాలయందలి చింతామణి రఘునాథాచార్యులవా రింకొక యడుగు ముందునకు వేసిరి. ఆ శుక్రగ్రస్తమును గూర్చి ఇంగ్లీషుతోపాటు దేశభాషలలోను చిన్నపుస్తకములు వ్రాసి పంచిరి. చూచుట యొక యెత్తు, చూచినదానిని తనవారికి తమ మాటలలో చెప్పుట యొక యెత్తని ఆయన యెఱిగియుండెను. హైదరాబాదున నవాబు జఫర్ జంగు 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు మాఱి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరి, లోకమునందలి పదునెనిమిది వేధశాలలు కలిసి పూనిన మహానక్షత్రపట కార్యమున తనవంతు నెఱవేర్చినది. ఆ కాలపు ఆకాశవిద్య నవాబుల తోటలలోను, జమీందారుల మేడలలోను వర్ధిల్లెను. స్వరాజ్యము వచ్చినపిదప అది మునిసిపల్ పాఠశాల మేడమీది కెక్కవలసియుండెను, ఎక్కలేదు.

ఎక్కినది వేఱొకచోట. పూర్వము నెల్లూరు సీమలోనిదై, నేడు తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోటనుండి 2013 నవంబరు 5న మంగళయానము బయలుదేరెను. మన రాకెట్టుకు దానిని ఒక్కదుముకున అంగారకునివైపు విసరు బలము లేదు. కావున భూమిచుట్టు త్రిప్పి త్రిప్పి, వడిసెలరాయివలె వేగము హెచ్చించి, డిసెంబరు 1న విడిచిరి. దాదాపు 300 దినములు నిద్రించిన ప్రధాన యంత్రమును 2014 సెప్టెంబరు 24న మరల మండించిరి. 24 నిమిషములు మండి నౌకను అంగారకుని కక్ష్యలో నిలిపెను. మొదటి ప్రయత్నముననే అంగారకుని చేరిన దేశము మనది. ఆరునెలలు బ్రతికిన చాలుననుకొన్నది, సుమారు ఎనిమిదేండ్లు తిరిగి, 2022లో మాట మానినది.

పేదదేశమునకు ఇదేల యని అప్పుడు వ్రాసినవారు కలరు. దానికైన వ్యయము 450 కోట్లు. తలకు నాలుగు రూపాయలు నిండవు. ఆ నాలుగు రూపాయలతో పేదఱికము పోయెడిదని వాదించువారితో మేము వాదింపము. మా యాక్షేప మింకొకటి. నాలుగు రూపాయలిచ్చిన మెదకు బాలునికి ఆ సొమ్ముతో తెలిసికొన్నదానిలో రావలసిన భాగమేది? మంగళయానపు చిత్రములు ఇంగ్లీషున ముద్రితమైనవి. పరిశోధనలు ఇంగ్లీషున వెలువడినవి. 2024 సెప్టెంబరు 18న కేంద్రమంత్రివర్గము శుక్రునిచుట్టు తిరుగు నౌకకు 1,236 కోట్లు మంజూరు చేసినది. 2028 మార్చిలో పంపవలెనని సంకల్పము. ఆ మొత్తములో రవ్వంతయైనను దేశభాషలలో చెప్పుటకు కేటాయింపవలెనని మేము గట్టిగా కోరుచున్నాము. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి నెలకొల్పినవారు, 1930లో ఈ మెదకు సీమలోని జోగిపేటలోనే మొదటి ఆంధ్రమహాసభ జరిపినవారు ధనవంతులు కారు. ప్రభుత్వబలము వారికి లేదు. శాస్త్రమును తెలుగున వ్రాయవచ్చునని మొదటివారు చేసి చూపిరి. తెలుగున మాట్లాడు హక్కును రెండవవారు సాధించిరి. అన్నియు నున్న మనకు కొఱత దేనికి?

మెదకు పురపాలకులను, జిల్లా యధికారులను, శాసనసభ్యులను మేమడుగునది పెద్దది కాదు. పట్టణములో పెద్దదైన ప్రభుత్వ పాఠశాల మేడమీద ఒక ఆరంగుళముల దూరదర్శిని, దానిని త్రిప్ప నేర్చిన ఉపాధ్యాయుడొకడు, వారమున కొకరాత్రి ఊరివారందఱికి తెఱచిన తలుపు. నరసింగరావు గారు 1874లో వాడినదియు ఆరంగుళములదే. నేడు మధ్యతరగతి పెండ్లిలో పందిరి యలంకారమున కగు వ్యయము దీనికి చాలును. హైదరాబాదులో 1985నుండి బిర్లా తారామండలమున్నది గదా యనువారు, కూలివాని కొడుకు వంద కిలోమీటర్లు పోయి టిక్కెట్టు కొని చూచివచ్చు సంగతి ఆలోచింపవలెను. గుడ్డపై వేసిన బొమ్మ వేఱు, తన యూరి ఆకాశమున తన కన్నుతో శుక్రుడు చంద్రవంకవలె కనబడుట వేఱు. జ్యోతిష్కులనుకూడ ఆ మేడమీదికి పిలువవలెనని మా యభిప్రాయము. తాము పేరు చెప్పి భయపెట్టు కుజుని ముఖము వారిలో చాలమంది చూచియుండరు.

తొందర యెందులకన్న, ఒక గడువున్నది. శుక్రుడు సూర్యుని దాటుట 2004లోను, 2012లోను జరిగిపోయినది. మరల 2117 వఱకు లేదు. బుధుడు మాత్రము 2032 నవంబరు 13న సూర్యబింబమును దాటును. మనకు పట్టపగలే, మధ్యాహ్నము పన్నెండు దాటిన కొద్దిసేపటికి అంచున ప్రవేశించి, సాయంకాలము నాలుగున్నర దాటునప్పటికి వెడలిపోవును. మెదకులో మొదటినుండి తుదివఱకు కనబడును. వట్టికంటి కది చిక్కదు, సూర్యుని నేరుగా చూచుటయు ప్రమాదము. చిన్న దూరదర్శినితో బింబమును తెల్లకాగితముపై పడవైచిన నల్లని ఆవగింజవలె జరుగుట క్లాసు క్లాసంతయు చూడవచ్చును. కోటగుట్టపై బండను తట్టిన బాలుడు అప్పటికి పెద్దవాడై, వెనుకనున్న చిన్నవారికి ఆ ఆవగింజ బండయే యని చెప్పగల వయస్సున నుండును. ఆ దినము శనివారము.